బల్ల మీద ఇరవై నాలుగు బళ్లు

మా ముందు గదిలో రైళ్లు పదకొండు నెలలు నడిచాయి. రెండు వేల పది నవంబరులో మొదలై మరుసటి ఏడు దసరా వారంలో ఆగిపోయాయి. ఆ పదకొండు నెలల్లో ఇద్దరు పెద్దమనుషులు కలిసి ఒక్క ఆదివారం కూడా బళ్లను సమయానికి నడపలేకపోయారు. ఒకాయన నలభై ఏళ్లకు రెండేళ్లు తక్కువగా కరెంటు ఇంజన్లు నడిపి రిటైరైన డ్రైవరు, మా ఆయన. రెండో ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే రిటైర్డ్ స్టేషన్ మాస్టరు. ఇద్దరి సర్వీసూ కలిపితే డెబ్బై మూడేళ్లు. ఆ డెబ్బై మూడేళ్లలో నిజం రైళ్లను ఎలా నడిపారో అని అప్పుడప్పుడు ఆలోచించేదాన్ని.

బల్ల ఎనిమిది అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి తెచ్చిన బత్తాయి పెట్టెల చెక్కలతో దాని కాళ్లు చేశారు. అదే పెట్టెల్లోని వరిగడ్డికి ఆకుపచ్చ రంగు వేసి పొలాలన్నారు. గుండ్రంగా ఒకటే లైను, రెండు స్టేషన్లు, మా ఆయన వైపు ఒక చిన్న వంతెన. ఒక చివర మా ఆయన, ఇంకో చివర మాస్టరు. చెరో కరెంటు డబ్బా, దాని మీద ఫ్యానుకుండేలాంటి రెగ్యులేటరు. లైనులో సగానికి ఈ డబ్బా కరెంటు, సగానికి ఆ డబ్బా కరెంటు. ఇంజన్లు రెండు, ఒకటి పాసింజరుకు, ఒకటి గూడ్సుకు. మాస్టరు మేనల్లుడు జర్మనీ నుంచి తెచ్చి ఇచ్చినవి. అరచేతిలో పట్టేంత ఇంజను, దానికి మా ఆయన తాను నడిపిన ఇంజను రంగే వేశారు. ఆ రంగు వేయడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మా ఇంటి గేటుకు రంగు వేయమని నేను ఆరేళ్లుగా అడుగుతున్నాను.

పట్టాల పైన సన్నటి రాగితీగ కట్టారు. ఆ తీగలో కరెంటు లేదు. ఇంజనుకు కావలసిన కరెంటంతా పట్టాల్లోనే వస్తుంది. అయినా ఇంజను నెత్తి మీది పాంటోను, అంటే తీగను తాకే ఆ మడత చట్రాన్ని, ప్రతి బండికీ అగ్గిపుల్లతో పైకి లేపేవారు. ఇంజను ఎటు పోతుందో చూసుకుని వెనకదే లేపాలట, ముందుది కాదట. కరెంటు లేని తీగకు ఏ పాంటో తగిలితే ఏమిటని ఒకసారి అడిగాను.

"రూలు గంతే" అన్నారు మా ఆయన.

నేను లెక్కల టీచర్ని. పుట్టింది సరూర్‌నగర్‌లో. బడిలో ఇరవై ఆరేళ్లు టైంటేబుల్ వేశాను. పద్నాలుగు సెక్షన్లు, ఇరవై ఒక్క మంది టీచర్లు. ఏ ఒక్క పీరియడూ ఇంకోదానికి అడ్డం వచ్చింది లేదు. కింద సంతకం మాత్రం హెడ్మాస్టరుది. అందుకని వీళ్లిద్దరూ మొదటి నెల రోజులు ఏ బండి ఎప్పుడు బయల్దేరాలో తెలియక కొట్టుకుంటుంటే చూడలేక, నేనే ఒక కాగితం మీద టైంటేబుల్ వేసి ఇచ్చాను. గంటకు ఒక బండి. బల్ల మీద గంటంటే గడియారంలో రెండు నిమిషాలు. అంటే ఇరవై నాలుగు గంటల రోజు నలభై ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. బండి మా ఆయన స్టేషన్లో బయల్దేరి, మాస్టరు స్టేషన్లో ఆగి, చుట్టు తిరిగి మళ్లీ రావడానికి నూటిరవై సెకన్లు. ప్రతి మలుపూ నేను చేతి గడియారంతో కొలిచి వేసిన లెక్క. ఎక్కడా ఒక్క సెకను మిగులు పెట్టలేదు.

కాగితం చూసి మాస్టరు నవ్వారు. "చెల్లెమ్మగారూ, రైల్వేలో టైంటేబుల్ అంటే మధ్యమధ్యలో కాస్త మిగులు వదులుతారండీ. బండన్నాక ఆలస్యం అవుతుంది."

"బడిల గంట ఆలస్యంగ కొడితే పిల్లలు ఊకుంటరా?"

"బడి వేరు, రైలు వేరండీ."

"టీచరమ్మా, జర దమ్ము తీస్కోనియ్యవా బండిని?" అన్నారు మా ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వి, నా కాగితాన్నే గోడకు అంటించుకున్నారు. అది తప్ప వాళ్ల దగ్గర వేరే కాగితం లేదు.

ప్రతి ఆదివారం బండి ఆలస్యమయ్యేది. ప్రతి ఆదివారం తప్పు టైంటేబుల్‌ది. రెండు ఆదివారాలు కుర్చీ వేసుకుని కూర్చుని ఎక్కడ ఆలస్యమవుతుందో కొలిచాను.

మొదటిది మా ఆయన చెయ్యి. రెండు డబ్బాల కరెంటు కలవకుండా లైను మధ్యలో నాలుగు వేళ్ల వెడల్పున కరెంటు లేని చోటు ఉంచారు. చుట్టు తిరిగి వచ్చే వైపూ అలాంటిదే ఉంది గానీ, అక్కడ రెగ్యులేటరు మాస్టరుది, ఆయన దాన్ని ముట్టరు. నిజం లైన్ల మీద కూడా ఇలాంటి చోట్లు ఉంటాయట. న్యూట్రల్ అంటారు. అక్కడికి రాకముందే డ్రైవరు కరెంటు బందు పెట్టాలి. బండి తన ఊపుతో తాను దాటుతుంది. దాటాకే మళ్లీ కరెంటు తీసుకోవాలి. వేల టన్నుల బండికి ఊపు ఉంటుంది. అరచేతి బొమ్మకు ఏం ఊపు ఉంటుంది? రెగ్యులేటరు తిప్పగానే ఉన్నచోటే ఆగిపోయేది. నిజానికి అలా తిప్పనక్కరలేదు. ఇంజను ఆ చోటుకన్నా పొడుగు. వెనక చక్రాలు ఈ కరెంటు వదలకముందే ముందు చక్రాలు ఆ కరెంటు అందుకుంటాయి. ఊరుకుంటే దానంతటదే దాటుతుంది. కానీ ఆయన ఊరుకోరు. ఆ చోటు దగ్గరికి ఇంజను వచ్చేసరికి చెయ్యి దానంతటదే తిరిగిపోతుంది. అప్పుడు చూపుడు వేలితో ఇంజన్ని అవతలికి తోసి, మళ్లీ కరెంటు ఇస్తారు. దీనికి ఆరు సెకన్లు.

రెండోది మాస్టరు రిజిస్టరు. ఒక స్టేషన్ నుంచి బండి వదలాలంటే అవతలి స్టేషన్ లైన్ క్లియర్ ఇవ్వాలి, ఇచ్చినట్టు పుస్తకంలో రాయాలి. ఆయన బండి నంబరు, వేళ, సంతకం రాసి, కింద గీత గీసి, తలెత్తి "లైన్ క్లియర్ ఇచ్చానండోయ్" అనేసరికి తొమ్మిది సెకన్లు. గీతకే రెండు సెకన్లు. స్కేలు వాడతారు.

ఆరూ తొమ్మిదీ పదిహేను. ఇరవై నాలుగు బళ్లకు మూడు వందల అరవై సెకన్లు. బల్ల మీద లెక్కలో మూడు గంటలు. అర్ధరాత్రికి చేరాల్సిన బండి తెల్లవారుజామున మూడింటికి చేరుతుంది. సరిగ్గా అలాగే చేరుతోంది. ఇదంతా కాగితం మీద వేసి చూపించాను.

మా ఆయన చదివి, "నలభై ఏండ్లు అలవాటైన చెయ్యి, నేనేం జేస్త?" అన్నారు.

"మరి టైంటేబుల్‌ను ఎందుకు తిడుతున్నరు?"

"మిగులు పెట్టవైతివి."

పోనీ ఒక డబ్బా దగ్గర నేను కూర్చుంటానన్నాను. వద్దనలేదు. మాస్టరు కళ్లజోడు తుడుచుకున్నారు, మా ఆయన టీ అడిగారు. అంతే. పదకొండు నెలలు ఆ రెండు రెగ్యులేటర్లలో ఒక్కదాని మీదా నా చెయ్యి పడలేదు.

నాకు ఈ బల్ల మీద అసలు కోపం గది గురించి. నేను రిటైరయ్యాక పదో తరగతి ఆడపిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పేదాన్ని. పదకొండు మంది. మొదట ముందు గదిలోనే కూర్చునేవాళ్లు. బల్ల వచ్చాక వాళ్లను వరండాలోకి పంపాల్సి వచ్చింది. ఎండాకాలం ఎలాగో గడిచింది. వానాకాలం వచ్చాక గ్రిల్ లోంచి జల్లు కొట్టి పుస్తకాలు తడిసేవి. సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. టీచర్లూ సమ్మెలోకి దిగారు, బడులు మూతబడ్డాయి. రాష్ట్రం రావాలనే నాకూ ఉండింది. ముల్కీ గొడవల నాటి నుంచి చూస్తున్నదాన్ని, ఆ విషయంలో ఎవరూ నాకు కొత్తగా చెప్పక్కరలేదు. కానీ మార్చిలో పరీక్ష మార్చిలోనే వస్తుంది. బడి లేదు గనక పిల్లలు పొద్దున కూడా వస్తామన్నారు. బొగ్గు గనుల్లో పని ఆగి కరెంటు కోతలు పెరిగాయి. వరండాలో బల్బు వెలిగే వేళలూ తగ్గాయి. కిటికీలున్న గది నాకు కావాలి. కిటికీలున్న గదిలో ఇద్దరు ముసలివాళ్లు వరిగడ్డి పొలాల మధ్య గూడ్సు నడుపుతున్నారు.

సమ్మె మొదలైన వారంలోనే ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చి చెప్పాను. దసరాలోపు మూడు ఆదివారాలు ఉన్నాయి. ఒక్క ఆదివారమైనా ఇరవై నాలుగు బళ్లూ చేత్తో తోయకుండా, అన్నీ కలిపి పది సెకన్లకు మించి ఆలస్యం కాకుండా నడపండి. నడిపితే బల్ల ఇక్కడే ఉంటుంది, నేనిక మాట్లాడను. నడపలేకపోతే బల్ల లేస్తుంది, పిల్లలు లోపలికి వస్తారు.

"ఇది పెద్ద పరీక్షే పెట్టారు చెల్లెమ్మగారూ" అన్నారు మాస్టరు.

"మూడు సప్లిమెంటరీలు ఇచ్చిన. ఇంకేం కావాలె?"

నేను చేసిన పనిలో ఒక మెలిక ఉంది. అది నాకు తెలుసు. బళ్లు నడవకపోతే గది వస్తుంది, కానీ నా టైంటేబుల్ తప్పని ఇద్దరూ చచ్చేదాకా చెప్పుకుంటారు. నడిస్తే నా లెక్క నిలబడుతుంది, పిల్లలు జల్లులోనే ఉంటారు. రెండింటిలో ఏది కోరుకోవాలో నాకు తెలియలేదు. పది సెకన్లు మాత్రం న్యాయంగానే ఇచ్చాను.

మొదటి ఆదివారం ఎప్పటిలాగే మూడు గంటల ఆలస్యం.

రెండో ఆదివారం రైల్ రోకో. రాష్ట్రమంతా పట్టాల మీద జనం కూర్చున్నారు. మాస్టరు బస్సుల్లేక నడిచి వచ్చి, చెమట తుడుచుకుని, రిజిస్టరు తెరిచారు. మా ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"బండి నడువది ఇయ్యాల" అన్నారు.

"అదేంటి బావగారూ?"

"అసలు రైళ్లే బందున్నయ్. గీ రైలు ఎట్ల నడుస్తది?"

మాస్టరు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగారు. "ఇది మీ ఇంట్లో బల్లండీ. దీని మీద ఎక్కేదెవరు, దిగేదెవరు? దీనికి ఉద్యమం ఏమిటి?"

"ఇంజన్ ఇంజనే. డ్రైవర్ని నేనే. నేను ముట్ట."

"అంటే ఇన్నాళ్లూ మీతో కలిసి కూర్చున్నందుకు నన్ను బయటివాడు అంటున్నారా?"

"నిన్నెవరన్నరు మాస్టర్ సాబ్? బండి నడువదన్న, గంతే."

"అదే కదండీ అనడమంటే! మేమొచ్చి ముప్పై ఏళ్లయింది. ఇల్లు ఇక్కడే, పింఛను ఇక్కడే. ఇప్పుడు మీ బల్ల మీద కూడా మాకు లైన్ క్లియర్ లేదన్నమాట."

"గిట్ల మాట్లాడితే నేనేం జెయ్య?"

నేను వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి ఇదంతా వింటున్నాను. అరవై దాటిన మనుషులు. ఒకాయన బొమ్మ రైలును ఆపి రాష్ట్రం తెస్తున్నారు. ఇంకో ఆయన బొమ్మ రైలు ఆగితే తనను ఊళ్లోంచి వెళ్లగొట్టారంటున్నారు. మాస్టరు రిజిస్టరు చంకలో పెట్టుకుని, నాకు చెప్పకుండానే వెళ్లిపోయారు. ఇంజన్లు ఆయనవి, వాటిని మాత్రం తీసుకుపోలేదు. మా ఆయన వాటి మీద శుభ్రమైన గుడ్డ కప్పారు. వారం రోజులు ఇద్దరూ ఫోను చేసుకోలేదు. మా ఆయనకు అన్నం సహించలేదు. అది ఉద్యమం కోసమని నాకు చెప్పారు.

మూడో ఆదివారం, రైల్ రోకో అయిపోయింది కాబట్టి, బల్ల మీద సమ్మె కూడా విరమించారు. కానీ రెండో డబ్బా దగ్గర మనిషి లేడు. పన్నెండింటికి కరెంటు వస్తుంది, రెండింటికి మళ్లీ పోతుంది. పన్నెండున్నరకు మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"టీచరమ్మా, జర వొచ్చి కూసుంటవా?"

పదకొండు నెలలకు.

చేతులు తుడుచుకుని మాస్టరు కుర్చీలో కూర్చున్నాను. రిజిస్టరు లేదు, స్కేలు లేదు. అంటే తొమ్మిది సెకన్లు అక్కడికక్కడే పోయాయి. ఇక మిగిలింది ఆరు సెకన్ల చెయ్యి. ఆయన చేతికి ఒక స్టీలు గ్లాసు నిండా పొగలు కక్కే టీ పోసి ఇచ్చాను.

"బండి వంతెన దాటంగనే రెగ్యులేటర్ వదిలిపెట్టి గ్లాసు రెండు చేతులతోటి పట్టుకోండి. ఇంజన్ నా దిక్కు వచ్చేదాక కింద పెట్టొద్దు."

"కాలుతది గదా?"

"కాలాలెనే."

ఒంటి గంటకు మొదటి బండి కదిలింది. వంతెన దాటింది. ఆయన గ్లాసు పట్టుకున్నారు. ఇంజను ఆ నాలుగు వేళ్ల చోటు మీదికి వచ్చింది. ఆయన మోచేయి అదిరింది, టీ తొణికింది, చెయ్యి మాత్రం గ్లాసు వదల్లేదు. ఇంజను దాటింది. నేను నా స్టేషన్లో ఆపి, లెక్క ప్రకారం వదిలాను. నూటిరవై సెకన్లకు సరిగ్గా ఆయన స్టేషన్లోకి చేరింది.

రెండోది, మూడోది. పాసింజరు పోగానే గూడ్సు, గూడ్సు పోగానే పాసింజరు. పదో బండికి నాకు గడియారం చూడాల్సిన పని లేకపోయింది. ఇంజను గొంతు విని చెప్పగలిగేదాన్ని.  పదిహేనో బండి దగ్గర మా ఆయన ఒకసారి తలెత్తి నన్ను చూశారు. "మంచిగ నడుపుతున్నవ్" అన్నారు. మాట్లాడకుండా బండి చూసుకొమ్మన్నాను. ఆ గంటలో గది గురించి గానీ వరండా గురించి గానీ నాకు ఆలోచన రాలేదు. ఉన్నదున్నట్టు రాయాలి గనక ఇదీ రాస్తున్నాను.

ఇరవై రెండు బళ్లు పోయాయి. మొత్తం ఆలస్యం మూడు సెకన్లు.

ఇరవై మూడో బండి గూడ్సు. అది బయల్దేరి వంతెన ఎక్కుతుండగా గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. మాస్టరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చారు, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది, చంకలో రిజిస్టరు. లోపలి కుర్చీలో నేనున్నాను, రిజిస్టరు తన దగ్గరే ఉంది, బండేమో లైన్ మీద పరుగెత్తుతోంది. లైన్ క్లియర్ లేని బండిని చూసిన స్టేషన్ మాస్టరు ఏం చేయాలో అదే చేశారు. రెండు చేతులూ నెత్తి మీదికి నిటారుగా ఎత్తారు. చేతిలో జెండా లేనప్పుడు, ప్రమాదం, ఆపు అని చెప్పే గుర్తట అది. రిజిస్టరు కింద పడింది.

రెండు చేతులు పైకి లేచినవి చూసిన డ్రైవరు ఏం చేయాలో మా ఆయనా అదే చేశారు. గ్లాసు పొలంలో పడింది, రెగ్యులేటరు సున్నాకు తిరిగింది, ఇంజను న్యూట్రల్ అంచున ఆగిపోయింది.

"అయ్యో" అన్నారు మాస్టరు, చేతులు ఇంకా దించకుండానే. "అలవాటండీ బావగారూ, చెయ్యి దానంతటదే..."

"నాది గుడ గట్లనే" అన్నారు మా ఆయన.

నేను లెక్కపెడుతున్నాను. ఇంకా ఏడు సెకన్లు ఉన్నాయి.

"రెగ్యులేటర్ తిప్పండి" అన్నాను. "తోయొద్దు, తిప్పితే చాలు. దాటుతది."

ఆయన కదల్లేదు. "న్యూట్రల్ దగ్గర నిలబడ్డ బండికి కరెంటు తీస్కుంటరా ఎవలన్న? మీదున్న తీగ కాలిపోతది."

"పైన తీగల కరెంటే లేదు! కిందున్నది పన్నెండు వోల్టులు!"

"ఎంతున్నా రూలు రూలే."

"నిజమే చెల్లెమ్మగారూ" అన్నారు మాస్టరు గుమ్మంలోంచి. "ముందు కంట్రోలు రూముకు తెలియజేయాలి. వాళ్లు చెప్పిందాకా ముట్టకూడదు."

"ఏ కంట్రోలు? ఎక్కడున్నది?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వారం రోజులు ముఖాలు చూసుకోనివాళ్లు. పది సెకన్లు అయిపోయాయి. అయిపోయాయని గట్టిగానే చెప్పాను. మా ఆయన తలూపారు. ఒక్కసారి రెగ్యులేటరు తిప్పితే బల్ల దక్కేది. నేనే చెప్పాను. నాకు గది అక్కరలేకపోలేదు, అయినా చెప్పాను. బొమ్మ ఇంజనుకు తప్పు చేయడంకన్నా బల్ల పోగొట్టుకోవడమే ఆయనకు మేలనిపించింది.

ఆగిన గూడ్సును స్టేషన్లోకి చేర్చి, ఇరవై నాలుగో బండిని నేనొక్కదాన్నే రెండు డబ్బాల మధ్యా తిరుగుతూ నడిపాను. కాగితంలో ఉంది కాబట్టి నడపాలి. బయల్దేరిన నూటిరవై సెకన్లకే చేరింది. ఆ సరికి వాళ్లిద్దరూ వరండాలోకి వెళ్లి టీ గురించి అడుగుతున్నారు.

దసరా మర్నాడు బల్ల లేపి గోడకు ఆనించాం. పదకొండు మంది పిల్లలూ లోపల కూర్చున్నారు. క్షేత్రగణితం మొదలుపెట్టాను. వరండాలో, పిల్లలు లేచిన చాప మీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని, న్యూట్రల్ దగ్గర బండి ఆగితే మొదట ఎవరికి చెప్పాలి, డ్రైవరు చెప్పాలా, గార్డు చెప్పాలా అని వాదించుకుంటున్నారు. మధ్యలో మాస్టరు, "అసలు చెల్లెమ్మగారు కాస్త మిగులు పెట్టి ఉంటేనండీ..." అన్నారు.

"గదే గదా నేను మొదటిసంది చెప్పేది" అన్నారు మా ఆయన.

నేను లేచి వెళ్లి తలుపు మూసి, గొళ్లెం పెట్టి వచ్చి, ఆగిన దగ్గర్నుంచి లెక్క చెప్పాను.